బస్రాలోనో బర్మాలోనో ఆగిపోయిన మనిషి: ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన మన సైనికుల వివరాలు వెతికే పద్ధతి

"మా ముత్తాత మిలటరీకి వెళ్లి బస్రాలో పోయాడంట." "పెదతాత బర్మాలో కనబడకుండా పోయాడంట." చాలా ఇళ్లలో కథ ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆగనక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పనిచేస్తూ చనిపోయినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడో ఒకచోట రాసే ఉన్నాయి. అయినా దొరకవు. దానికి పెద్ద కారణం, ఇంట్లో పిలిచిన పేరు ఒకటి, గుమాస్తా రాసుకున్న పేరు ఇంకొకటి కావడం. కాబట్టి పేరు పట్టుకుని బయల్దేరితే దారి తప్పుతాం. సర్వీస్ నంబరు, పటాలం, తండ్రి పేరు, ఊరు: వీటిలో కనీసం రెండు చేతికి వచ్చాకే పేరు జోలికి వెళ్లాలి.

ముందు ఇంట్లో వెతకండి

కంప్యూటర్ ముందు కూర్చునేలోపు ట్రంకుపెట్టె తెరవండి. అటక మీద, బీరువా అడుగున, దేవుడి పటాల వెనక, పాత ఫోటో ఫ్రేములో ఫోటోకీ అట్టకీ మధ్య చూడండి. ఆయన భార్య చివరిదాకా ఎవరి దగ్గర ఉందో ఆ ఇల్లు మరీ ముఖ్యం. పెన్షన్ కాగితాలు పెద్దకొడుకు వాటాలోకి రాకుండా, ఆవిడను చూసుకున్న కూతురి ఇంట్లోనో మరిది ఇంట్లోనో తేలడం మామూలే. పీపీవో అనే పెన్షన్ ఆర్డరు కాగితం దొరికితే నంబరు, హోదా, పటాలం ఒకేచోట కనిపిస్తాయి.

మెడల్ దొరికితే సగం పని అయినట్టే. మొదటి యుద్ధపు గుండ్రటి మెడళ్లకు అంచు మీద, అంటే రూపాయి బిళ్లకు గీతలుండే చోట, నంబరు, హోదా, పేరు, పటాలం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒత్తి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉన్న 1914-15 స్టార్‌కైతే వెనకవైపు ఉంటాయి. గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని పక్కవాటుగా, అంచును రాసుకుంటూ వెలుగు పోయేలా పట్టండి. మెడల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి. ఎదురుగా కొట్టిన వెలుగులో ఏమీ తెలియదు. పక్క నుంచి పడితే ఒక్కో అక్షరానికి నీడ వచ్చి పైకి తేలుతుంది. అప్పటికీ చదవలేకపోతే పల్చని కాగితం అంచుకు చుట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. చింతపండుతోనో సామాన్లు తోమే పొడితోనో మాత్రం తోమకండి. పండగ పండక్కీ మెరుగు పెట్టిన మెడళ్ల మీద ముందు పోయేది నంబరే. నంబరు అరిగిపోయిన మెడల్ అందంగా మెరుస్తుంది గానీ ఏమీ చెప్పదు.

హోదాలు పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఎస్‌ఈపీ అంటే సిపాయి, ఎస్‌పీఆర్ అంటే శాపర్ (దారులు, వంతెనలు వేసే ఇంజనీరు దళపు సిపాయి), ఎన్‌కే అంటే నాయక్, హెచ్‌ఏవీ అంటే హవల్దార్, జేఈఎం అంటే జమాదార్. డీవీఆర్ అంటే డ్రైవర్. అయితే మొదటి యుద్ధంలో ఆ మాటకు ఎక్కువగా కంచరగాడిదల్నీ గుర్రాల్నీ తోలేవాడనే అర్థం. ఎఫ్, ఓ, ఎల్, ఎల్ అక్షరాలతో మొదలైతే ఫాలోయర్: వంటవాడో, నీళ్లు మోసేవాడో, చాకలో, డోలీ మోసేవాడో అయి ఉంటాడు. ఇలాంటివాళ్లకూ కూలీ దళాల వాళ్లకూ వెండి మెడల్ బదులు కంచు మెడల్ ఇచ్చారు. వంటవాడిగా వెళ్లాడని చెప్పుకోవడానికి మొహమాటపడి సిపాయి అని చెప్పుకున్న కుటుంబాలు ఉన్నాయి. అదే గుండు దెబ్బల మధ్య నీళ్లు మోసి చచ్చిపోయిన మనిషి గురించి మొహమాటం దేనికి? పైగా హోదాను సిపాయికే పరిమితం చేసి వెతికితే ఆయన ఎప్పటికీ దొరకడు.

ఇంకో వస్తువు చాలా ఇళ్లలో ఏమిటో తెలియకుండా పడి ఉంటుంది. 12 సెంటీమీటర్ల అడ్డకొలతతో, బరువైన కంచు బిళ్ల. మీద నిలబడిన స్త్రీ బొమ్మ, పక్కన సింహం, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. కొందరు ఏదో పాత పళ్లెం అనుకుంటారు. అది మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పంపిన స్మారక ఫలకం. ఒక చిన్న చట్రంలో ఉబ్బెత్తు అక్షరాలతో చనిపోయినవాడి పేరు ఉంటుంది. హోదా, పటాలం ఉండవు. కానీ రెండు సంగతులు ఖాయం చేస్తుంది: ఆయన యుద్ధ సేవలోనో దాని వల్లనో చనిపోయాడు, సర్కారు పుస్తకాల్లో ఆయన పేరు ఈ ఇంగ్లీషు స్పెల్లింగుతో ఉంది. ఆ స్పెల్లింగును అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. రెండో యుద్ధపు మెడళ్లలో మాత్రం పేరు లేనివి బోలెడు. అది చూసి నిరాశపడక్కర్లేదు.

యూనిఫారం ఫోటో ఉంటే భుజం మీది ఇత్తడి అక్షరాల్నీ తలపాగా మీదో టోపీ మీదో ఉన్న బ్యాడ్జీనీ పెద్దగా స్కాన్ చేయండి. ఫోటో అట్ట అడుగున స్టూడియో పేరు, ఊరు ఉంటాయి. అక్కడ బెంగళూరు అని కనిపిస్తే మద్రాస్ శాపర్స్ వైపు చూడాలి. ఆ దళానికి కేంద్రం అప్పుడూ ఇప్పుడూ బెంగళూరే.

తద్దినం తిథి కూడా ఒక ఆధారం

ఏ ఫారిన్ గైడులోనూ దొరకని ఆధారం ఇది. ఆయనకు ఏ తిథిన తద్దినం పెట్టేవాళ్లో, ఏ సంవత్సరంలో పోయాడని చెప్పుకునేవాళ్లో పెద్దవాళ్లను అడగండి. ఇంగ్లీషు సంవత్సరం గుర్తులేని ముసలమ్మకు కూడా తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటుంది. ఉగాది నుంచి ఉగాదికి లెక్కేస్తే ఆనంద 1914-15, రాక్షస 1915-16, నల 1916-17, పింగళ 1917-18, కాళయుక్తి 1918-19, సిద్ధార్థి 1919-20. రెండో యుద్ధానికి ప్రమాది 1939-40, విక్రమ 1940-41, వృష 1941-42, చిత్రభాను 1942-43, స్వభాను 1943-44, తారణ 1944-45, పార్థివ 1945-46. పాత పంచాంగంతో తిథిని తేదీగా మార్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. కబురు ఆలస్యంగా వచ్చిన ఇళ్లలో, చనిపోయిన రోజు తెలియక, కబురు అందిన రోజునే తిథిగా పెట్టుకున్నారు. కాబట్టి మీరు లెక్కగట్టిన తేదీకి ముందు నెలల్లో వెతకండి, తర్వాత కాదు. బర్మా, మలయాల్లో కనబడకుండా పోయినవాళ్ల విషయంలో ఈ తేడా ఏళ్లలో ఉండొచ్చు.

పేరు, ఊరు: రికార్డులో ఎలా మారిపోయాయి

భర్తీ అయ్యేటప్పుడు గుమాస్తా పేరు అడిగాడు. మనవాడు "అప్పలస్వామి" అన్నాడు. ఇంటిపేరు అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత ఆ ఒక్క పేరునే, కింద చెప్పబోయే యుద్ధ మృతుల డేటాబేస్‌లో, ఇంటిపేరు గడిలో వేశారు. అందుకని వెతికేటప్పుడు ఆయన సొంత పేరును ఇంటిపేరు గడిలో వేయండి, రెండో గడి ఖాళీగా వదిలేయండి. ఇంటిపేరుతో వెతకడం అన్నిటికన్నా ఆఖరి ప్రయత్నం. నాయుడు, రెడ్డి లాంటి చివరి మాటలు ఒక్కోసారి ఇంటిపేరుగా ఎక్కాయి. షేక్, సయ్యద్ అని మొదలయ్యే ముస్లిం పేర్లకు ఆ మాటే ఇంటిపేరై కూర్చుంటుంది, వందల కొద్దీ ఒకేలాంటి పేర్లు వస్తాయి. అక్కడ తండ్రి పేరు, ఊరు లేకుండా అడుగు ముందుకు పడదు. క్రైస్తవ కుటుంబాల్లో బాప్తిస్మం పేరుతోనూ పాత పేరుతోనూ రెండుసార్లు వెతకాలి.

స్పెల్లింగు ఇంకో చిక్కు. ఒక్క వెంకటస్వామినే తీసుకోండి. మధ్యలో కె బదులు సి ఉండొచ్చు, చివర ఐ బదులు వై ఉండొచ్చు, డబ్ల్యు పోవచ్చు. గుమాస్తా తమిళుడైతే స్వామి కాస్తా సామి అవుతుంది. రామన్న, చిన్నయ్య లాంటి పేర్లలో ఒత్తు మాయమవుతుంది. మొదలుపెట్టే ముందే కాగితం మీద పది రకాల స్పెల్లింగులు రాసుకుని, చూసినదాన్ని చూసినట్టు కొట్టేసుకుంటూ పోండి. లేకపోతే మూడో రోజుకు ఏది చూశారో ఏది చూడలేదో మీకే తెలియదు.

ఊరికీ ఇదే తిప్పలు. రికార్డులో ఉన్నది ఇప్పటి జిల్లా కాదు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. 1925కు ముందు పశ్చిమ గోదావరి లేదు, ఏలూరు వైపు ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి. ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి, కాబట్టి ఒంగోలు గుంటూరు జిల్లాలోనూ విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ కనబడతాయి. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాశారు. అది మొదటి యుద్ధకాలంలో గంజాం జిల్లాలో, 1936 తర్వాత విశాఖపట్నం జిల్లాలో ఉంది. విశాఖపట్నాన్ని వైజాగపటం అని, కాకినాడను కోకనాడ అని, విజయవాడను బెజవాడ అని, ఏలూరును ఎల్లోర్ అని, కడపను కడ్డపా అని పలికే స్పెల్లింగుల్లో రాసేవాళ్లు. కృష్ణా స్పెల్లింగులో కూడా మధ్యలో టి వచ్చి చేరుతుంది.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్

అసలు వెతుకులాట ఇక్కడ. 1917లో పెట్టిన ఈ కమిషన్ రెండు యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఉంచుతోంది. వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. లెక్కలోకి తీసుకున్న కాలం మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31. ఈ తేదీల మధ్య సర్వీసులో ఉండగా ఏ కారణంతో చనిపోయినా లెక్కలోకి వస్తాడు: తూటా తగిలినా, కలరా వచ్చినా, 1918 ఇన్‌ఫ్లుయెంజాతో పోయినా, ప్రమాదం జరిగినా. "యుద్ధంలో పోయాడు" అని ఇంట్లో చెప్పుకున్న మనిషి రికార్డులో పుణె ఆస్పత్రిలో జ్వరంతో పోయినట్టు కనిపిస్తే, వేరే మనిషి అని కొట్టేయకండి.

వెతికేటప్పుడు ఏ యుద్ధమో, ఏ సైన్యమో ముందు ఎంచుకోండి. సైన్యం దగ్గర ఇండియన్ అని పెట్టండి. నంబరు ఉంటే నంబరు ఒక్కటే వేసి చూడండి. ఆ రోజుల్లో నంబర్లు పటాలం వారీగా ఇచ్చేవాళ్లు, కాబట్టి ఒకే నంబరుతో వేర్వేరు పటాలాల వాళ్లు పదిమంది రావచ్చు. వాళ్లలోంచి మీ పటాలాన్ని ఏరుకోవాలి. నంబరు లేకపోతే అదనపు సమాచారం అనే గడిలో పాత జిల్లా పేరో ఊరి పేరో వేయండి, పేరు గడి ఖాళీగా వదిలేయండి. ఫలానావారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఫలానా ఊరు అనే వాక్యం ఉండేది ఈ గడిలోనే. మన ఊరివాళ్లని పట్టుకునే దారి ఇదే. వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీట్‌గా దించుకుని ఊర్లవారీగా చదవండి. మీ తాతతోపాటు అదే ఊరి నుంచి వెళ్లిన ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా బయటపడొచ్చు. వాళ్ల ఇళ్లకూ కబురు చెప్పండి, వాళ్ల దగ్గర మీ తాత ఉన్న ఫోటో ఉండొచ్చు.

పేరు కలిసింది కదా అని అక్కడితో ఆగకండి. మద్రాస్ శాపర్స్‌లో రామస్వాములు ఎందరో. తండ్రి పేరు, ఊరు, పటాలం, చనిపోయిన కాలం: ఈ నాలుగింట్లో మూడు కలిస్తేనే మన మనిషి అనుకోవాలి. రెండే కలిస్తే "కావచ్చు" అని పెన్సిల్‌తో రాసుకోండి. తప్పు మనిషికి దండం పెట్టుకుంటే, అసలు మనిషి మళ్లీ మరుగున పడిపోతాడు.

స్మారకం పేరు చూసి అర్థం చేసుకోవడం

రికార్డులో సమాధికి బదులు ఎక్కువగా ఒక స్మారకం పేరు ఉంటుంది. హిందువుల్ని, సిక్కుల్ని దహనం చేశారు కాబట్టి వాళ్లకు విడిగా సమాధి ఉండదు. ఇంఫాల్, సింగపూర్, ఈజిప్టులోని అలమీన్ లాంటి చోట్ల దహనం అయినవాళ్ల కోసం వేరే స్మారకాలు కట్టారు. శవం దొరకనివాళ్ల పేర్లు పెద్ద స్మారకాల మీద ఉన్నాయి: ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్ మీద 4,700 మందికి పైగా, సింగపూర్ క్రాంజీలో 24 వేలకు పైగా, బర్మాలో యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద దాదాపు 27 వేల మంది. స్వదేశంలోనో, పోరు జరగని చోటనో రెండో యుద్ధకాలంలో పోయిన 25 వేల మందికి పైగా ఢిల్లీ, కరాచీ 1939-1945 స్మారకాల కింద లెక్కకొస్తారు. ఓడల్లో కళాసీలుగా వెళ్లి సముద్రంలో పోయినవాళ్లు బొంబాయి స్మారకాల కింద ఉంటారు. తీరప్రాంతపు కుటుంబాలు అది తప్పక చూడాలి.

బస్రా సంగతి విడిగా చెప్పాలి. మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, పోయిన 40 వేల మందికి పైగా అక్కడ స్మరించారు. కానీ 1929లో ఆవిష్కరించిన ఆ రాళ్ల మీద భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లే చెక్కారు. మామూలు సిపాయిల్ని పటాలం పేరు కింద ఇంతమంది అని అంకెగా రాసి వదిలేశారు. ఇది అప్పటి అధికారులు చేసిన అన్యాయం, కమిషన్ కూడా 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఫోటోల్లో రాయి మీద పేరు కనబడలేదని మీ తాత అక్కడ లేడనుకోకండి. రిజిస్టర్లలో పేర్లున్నవాళ్లు డేటాబేస్‌లో దొరుకుతారు.

ఇండియా గేట్ గురించి కూడా ఒక పొరపాటు అందరూ చేస్తారు. దాని మీద చెక్కిన 13 వేల పైచిలుకు పేర్లు మొదటి యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధ కాలానివి. రెండో యుద్ధపు మనిషి కోసం అక్కడ గంటలు గంటలు చూసి లాభం లేదు. 1947 తర్వాతి యుద్ధాల్లో, అంటే 1962, 1965, 1971, కార్గిల్ లాంటి వాటిలో అమరులైనవాళ్ల పేర్లు పక్కనే 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నాయి. వాళ్ల కోసమైతే పటాలం రికార్డ్ ఆఫీసుకు రాస్తే చాలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపిస్తుంది.

పటాలం దొరికాక

చనిపోయిన తేదీ, పటాలం తెలిస్తే ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోవచ్చు. ప్రతి పటాలం యుద్ధరంగంలో రోజువారీ డైరీ రాసేది. మొదటి యుద్ధపు డైరీలు లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యుఓ 95 అనే వరుసలో ఉన్నాయి. సిపాయి పేరు అందులో ఉంటుందని ఆశపెట్టుకోవద్దు. ఆఫీసర్ల పేర్లు రాసి, మిగతావాళ్లను అంకెలుగా రాసేవాళ్లు. అయినా "ఉదయం నది దాటుతుండగా ముగ్గురు చనిపోయారు" లాంటి ఒక్క వాక్యం, తేదీ కలిస్తే, ఇంట్లో వందేళ్లుగా లేని జవాబు ఇస్తుంది.

మనవాళ్లు ఏ పటాలాల్లో ఎక్కువ ఉండేవాళ్లో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. మొదటి యుద్ధంలో మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, 61, 64, 81 నంబర్ల పయనీర్లు (దారులు వేసే పని కూడా చేసే పటాలాలు), 73, 75, 79, 80, 86, 88 నంబర్ల కర్ణాటిక్ పటాలాలు, 83వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫంట్రీ. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర జరిగిన పోరులో 61వ పయనీర్లు ఉన్నారు, కాబట్టి "ఆఫ్రికాలో పోయాడు" అన్న మాట పొరపాటు కాకపోవచ్చు. 1920ల్లో ఈ పటాలాలను కలిపి పేర్లు మార్చి, చివరికి ఎత్తేశారు. మద్రాస్ రెజిమెంట్ మళ్లీ 1941లో పుట్టింది. రెండో యుద్ధంలో మనవాళ్లు దానితోపాటు పయనీర్ కోర్, సర్వీస్ కోర్, ఇంజనీర్లు, వైద్య దళాల్లోనూ ఉన్నారు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కూ, బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కూ ఉత్తరం రాయవచ్చు. ఉత్తరంలో నంబరు, పటాలం, తేదీ మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. కుటుంబ చరిత్ర రెండు పేజీలు రాసి నంబరు అడుగున పెడితే ఆ కాగితం పక్కకు పోతుంది.

నిజాం రాజ్యంలోవాళ్లకు దారి వేరు. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం వాళ్లు మొదటి యుద్ధంలో సూయజ్, పాలస్తీనా వైపు పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. సంస్థాన సైన్యపు కాగితాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఖైదీగా పట్టుబడ్డవాడైతే

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక వేలమంది మనవాళ్లు జపాన్‌కు చిక్కారు. కొందరిని న్యూగినీ దాకా తీసుకెళ్లి చాకిరీ చేయించారు, అక్కడే ఎందరో పోయారు. ఇలాంటివాళ్లకు రికార్డులో చనిపోయిన తేదీ కచ్చితంగా ఉండకపోవచ్చు, రెండు తేదీల మధ్య అని ఉండవచ్చు. జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ దగ్గర యుద్ధఖైదీల కార్డులున్నాయి. మొదటి యుద్ధపు కార్డులు ఇంటర్‌నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. రెండో యుద్ధానికైతే అర్జీ పెట్టాలి, వాళ్లు విడతలవారీగా కొన్నే తీసుకుంటారు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరాడని ఇంట్లో చెప్పుకుంటుంటే ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాలో ఆ కాగితాలు చూడాలి. అభిలేఖ్ పటల్ అనే వాళ్ల పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకవచ్చు.

ఎక్కడా దొరకకపోతే

నిజంగానే పేరు ఎక్కనివాళ్లు ఉన్నారు. కమిషన్ 2021లో వేయించిన నివేదిక ప్రకారం కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకూ, పేరుతో స్మరించలేదు లేదా అసలే స్మరించలేదు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో పనిచేసినవాళ్లు. ఇలాంటి పేరును ఇప్పుడు కూడా చేర్పించవచ్చు. సర్వీసులో ఉన్నాడని ఒక ఆధారం, పైన చెప్పిన తేదీల మధ్య చనిపోయాడని ఒక ఆధారం కావాలి. డిశ్చార్జి అయ్యి ఇంటికి వచ్చాక చనిపోతే, ఆ గాయంతోనో జబ్బుతోనో పోయాడని కూడా రుజువు చూపాలి. ఇక్కడే చాలా అర్జీలు ఆగిపోతాయి. పెన్షన్ ఆర్డరు, గ్రామ జనన మరణాల రిజిస్టరు నకలు, కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పాత ఉత్తరం, సైనిక కుటుంబమని భూమి ఇచ్చిన పట్టా కాగితం: ఏది దొరికినా స్కాన్ చేసి, తెలుగులో ఉన్నదానికి ఇంగ్లీషు అనువాదం జతచేసి పంపండి. అసలు కాగితం పోస్టులో పెట్టకండి.

కొన్ని ఊళ్లలో గుడి దగ్గరో చావడి గోడకో ఒక చిన్న రాతి ఫలకం ఉంటుంది. ఈ ఊరి నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పేర్లు ఉండవు. కానీ ఇద్దరు పోయారని రాయి చెబుతుంటే, డేటాబేస్‌లో మీ ఊరివాడు ఒక్కడే దొరికితే, ఇంకొకడు ఏదో తప్పు స్పెల్లింగు వెనక ఉన్నాడన్నమాట. సున్నం కొట్టేశారేమో చూసి, తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఫోటో తీయండి.

దొరికిన రికార్డులో ఊరి పేరో తండ్రి పేరో తప్పుగా ఉంటే, ఆధారం చూపించి దిద్దమని కమిషన్‌కు రాయవచ్చు. ఆ పేజీని, స్మారకం మీద పేరుండే పలక నంబరుతో సహా, ప్రింటు తీసి పెట్టుకోండి. రంగూన్ స్మారకంలో దాన్ని ఫేస్ నంబరు అంటారు. అది చేతిలో ఉంటే 27 వేల పేర్ల మధ్య నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడొచ్చు.